ఎలుగుని చూడ్డానికి ఆరు సీట్లు

అడవిలో జంతువుల్ని చూడాలంటే లోకంలో అందరూ టిక్కెట్టు కొంటారు. మా ఆయన బేరమాడతాడు. ఒడిశా వైపు ఒక అడవికి సంబంధించిన ఆఫీసు నంబరు సంపాదించి, అవతల ఫోనెత్తింది ఎవరో కూడా కనుక్కోకుండానే, ఆరుగురం వస్తున్నాం, ఒక రేటు చూసి చెప్పండి అన్నాడు. అవతలి మనిషి రేటు బోర్డు మీద ఉంటుందన్నాడు. బోర్డు మీద రేటు అందరికీ ఉంటుంది, మాకెంత అన్నాడు ఈయన. అవతల ఫోన్ పెట్టేశారు. "మంచోడే గానీ వ్యాపారం తెల్దు" అని ఆ మనిషికో సర్టిఫికెట్టు ఇచ్చేసి కాఫీ తాగాడు.

ఈయన పేరు కూర్మారావు. పలాస పక్కనే కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం. గుండు, బద్ద, ముక్క అని పప్పుని వేరు చేసి బయటి ఊళ్లకి పంపుతాడు. గుండు అంటే విరగని పప్పు. అది ఊళ్లో వాళ్లకి, పెళ్లిళ్లకి, దేవుళ్లకి. ఇంట్లో మాకు ముక్క. కాపురానికొచ్చి ఇరవయ్యేళ్లు దాటింది, నా ఇంటి పాయసంలో నేనొక గుండు చూసిన పాపాన పోలేదు. జీడిపప్పు వ్యాపారి పెళ్లానివి, నీకేం లోటు అంటారు ఊళ్లోవాళ్లు. వాళ్ల నోట్లో మన్ను పొయ్యాలనిపిస్తుంది నాకు.

ఇలాంటి మనిషి సఫారీకి తనంతట తాను ఎందుకు బయల్దేరతాడు? ఎలుగుని చూపించమని అడిగింది వాళ్ల అక్క ఇంద్రజ. నాకు వదిన.

వదినది అక్కుపల్లి దాటాక ఉన్న ఊరు. జీడితోట, లోపల నాలుగు పనసచెట్లు, గట్టు మీద కొబ్బరి. మూడేళ్ల కిందట జీడిపిక్కలు ఏరే రోజుల్లో, ఆ తోటలోనే, ఆవిడ మొగుడు అప్పలసూరి అన్నయ్యని ఎలుగుబంటి చంపేసింది. పనసచెట్టు కింద పిల్లలతో ఉన్న ఎలుగు. వదిన అక్కడే ఉంది. ఆ తర్వాత ఆవిడ ఆ తోట దడి దాటి లోపల అడుగుపెట్టలేదు.

మా వైపు సంగతి తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. ఉద్దానంలో తోటలోకి ఎవరూ నోరు మూసుకుని వెళ్లరు. దడి దగ్గర నిలబడి "హోయ్" అని ఒక కేక వేస్తారు. చుట్టుపక్కల తోటల్లో ఉన్నవాళ్లు "హోయ్" అని పలుకుతారు. మనుషులున్నారని తెలిస్తే ఎలుగు దాని దారిన అది పోతుంది. ఒకవేళ ఎదురుపడిందా, ఇంక ఆగకుండా కేకలు వెయ్యాలి. ఆ కేక విన్నవాడు కర్రో గునపమో చేత పట్టుకుని, పలుకుతూ, పరుగెత్తుకు రావాలి. పగవాడి కేకైనా సరే, పలకాల్సిందే. కేక విని పలక్కుండా ఊరుకున్నాడట అన్న మాట మా వైపు ఏ ఇంటి మీదా లేదు.

పక్క తోట వదిన బావగారిది. అప్పలసూరి అన్నయ్యకి సొంత అన్న, నాగేంద్రబాబు. రెండు తోటలకీ మధ్య మొగలిపొదల డొంక ఒకటే అడ్డం. ఆ పొద్దున ఆయన తన తోటలోనే ఉన్నాడు. ఉన్నానని ఆయనే చెప్పాడు. దినం భోజనాల దగ్గర, విస్తళ్ల ముందు కూర్చున్న అందరూ వినేలా, కండువాతో కళ్లొత్తుకుంటూ, "ఒక్క కేక ఇనబడ్డా నా తమ్ముణ్ణి బతికించుకుందును. పిల్ల బిక్కసచ్చిపోనాది, పాపం. గొంతు లెగలేదు" అన్నాడు. అందరూ అయ్యో అన్నారు. ఆడవాళ్లు వదిన వైపు జాలిగా చూశారు. ఆ జాలి ఉందే, అది చెంపదెబ్బ కన్నా హీనం. ఒక్క మాటతో తమ్ముడి చావుని తీసుకెళ్లి తమ్ముడి పెళ్లాం గొంతులో పెట్టేశాడు. వదిన తలొంచుకుని ఊరుకుంది, ఎందుకంటే ఆవిడా అదే నమ్మింది.

నాగేంద్రబాబు గురించి చెప్పాలంటే నాకు ముందు నోరు కడుక్కోవాలనిపిస్తుంది. మర్యాదకి అన్నయ్యగారూ అని పిలుస్తాను. ఎప్పుడూ ఇస్త్రీ మడత చెదరని తెల్లబట్టలు. సర్పంచిగా నిలబడి ఓడిపోయి చాలా ఏళ్లయింది, ఇప్పటికీ గెలిచినట్టే నడుస్తాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి నడిరోడ్డు మీద మాట్లాడతాడు. ఎలుగుబంట్ల మాటొస్తే ఇంక ఆయన్ని పట్టలేం. ఉద్దానంలో ఉన్న ప్రతి ఎలుగూ ఆయన కంటపడి, ఆయన గొంతు విని, దండం పెట్టి వెనక్కి తిరిగిందే. వదిన తోటకి రావడం లేదు కాబట్టి తోట "సూసుకుంటన్నాడు". అంటే పిక్కలన్నీ ఏరించుకుని, అమ్ముకుని, ఆవిడకి తోచింది చేతిలో పెడుతున్నాడు. ఈ ఏడు పూత పట్టగానే కొత్త పాట మొదలుపెట్టాడు. భయపడే మనిషికి తోటెందుకు, నా పేర రాసిచ్చెయ్, ఇంటి దగ్గర సుఖంగా కూర్చో అని.

వదిన మా ఇంటికొచ్చింది అప్పుడే. వంటింట్లో నా పక్కన పీట మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తూ, ఎవరికీ చెప్పని మాట నాకు చెప్పింది.

"అరిసినానో లేదో నాకు గేపకం లేదు, పెమోదినీ. ఎలుగు లెగడం గేపకముంది. మీ అన్నయ్య పడిపోడం గేపకముంది. నా నోరు గేపకం లేదు. మళ్లీ ఓపాలి ఎలుగు నా ఎదురుగా వొత్తే తెలిసిపోతాది. గొంతు లెగితే ఈ ఏడు తోటకెల్తాను. లెగకపోతే బావ సెప్పిన కాడ సంతకం పెట్టీసి ఊరుకుంటాను."

నాకు కడుపు మండిపోయింది. గొంతు లేవకపోతే మాత్రం తప్పేమిటి? ఎలుగు ముందు గొంతు లేచేది ఎంతమందికి? కానీ ఆవిడ నన్ను అడిగింది ఓదార్పు కాదు, ఎలుగుని. ఆ మాట బయటికి పొక్కనివ్వొద్దని ఒట్టు వేయించుకుంది. అందరికీ మాత్రం, ఒకసారి జీపులో కూర్చుని ఎలుగుని చూసొస్తాను, వచ్చాక సంతకం సంగతి తేలుస్తాను అని చెప్పింది. ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. మొగుణ్ణి చంపినదాన్ని డబ్బులిచ్చి చూస్తుందట అని నవ్వారు.

అక్క ఏదో అడగక అడిగింది, తమ్ముడు వెంటనే సరేనన్నాడు. అనడానికేం, నోరే కదా. ఆ తర్వాత మొదలైంది మా ఆయన పొదుపు. టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది కదా, ఎక్కడెక్కడి దేశాల నుంచో పక్షులొస్తాయి, బస్సు ఛార్జీతో అయిపోతుంది అన్నాడు. ఎలుగుని అడిగితే కొంగని చూపిస్తానన్న మొగవాణ్ణి నేను ఈయన్నే చూశాను. అది కుదరదనగానే విశాఖ జూకి దిగాడు. అక్కడ ఎలుగుంది, ఎప్పుడూ ఉంటుంది, దొరక్కపోవడమన్న మాటే లేదు అని వాదించాడు. బోనులో ఉన్నదాన్ని చూస్తే ఏమవుతుందని వదిన మెల్లగా అంది. బోను సంగతి నాకర్థమైంది, ఆయనకి కాలేదు.

చివరికి మా అమ్మాయి కీర్తి ఫోన్లో వెతికి ఒడిశాలో ఆ అడవిని పట్టుకుంది. అది డిగ్రీ చదువుతోంది, వాళ్ల నాన్నని చూసి సిగ్గుపడ్డం చిన్నప్పటి నుంచీ నేర్చుకుంది. పైకప్పు లేని జీపు, వెంట గైడు, తెల్లవారగానే లోపలికి పంపుతారు, ఈ నెలల్లో రేగుపళ్ల కోసం ఎలుగులు దారి పక్కకే వస్తాయి. కావలసింది అదే. కాకపోతే జీపుకి డబ్బు మొత్తంగా కట్టాలి. ఎక్కేది ఒకరైనా ఆరుగురైనా ఒకటే.

మేము నలుగురం. రెండు సీట్లు ఖాళీ. ఆ రెండు ఖాళీ సీట్లూ మా ఆయన గుండెల మీద కూర్చున్నాయి. అన్నం తింటూ సీట్లు, స్నానం చేస్తూ సీట్లు. దుకాణానికొచ్చిన ప్రతివాణ్ణీ ఎలుగుబంటిని చూస్తావా అని అడగడం మొదలెట్టాడు. ఒక రోజు సాయంత్రం మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చి, సీట్లు నిండిపోయాయన్నాడు. ఎవరు అన్నాను. నాగేంద్రబాబు బావా, ఆయన భార్య జానకీ అన్నాడు.

నేను గరిట కింద పెట్టేశాను. ఆవిడ భయపడితే తోట ఎవరికి పోతుందో ఆ మనిషినే తీసుకొచ్చి ఆవిడ పక్కన కూర్చోబెడతారా, మీకు బుర్రుందా అని అడిగాను. ఈయన నాకేసి అమాయకంగా చూసి, ఆయన తన వాటా ముందే ఇచ్చేశాడే అన్నాడు. అదీ ఈయనకి కనబడింది. సొంత అక్కని సీటు ఖర్చు కోసం తాకట్టు పెట్టిన మనిషి ఈ భూమ్మీద ఇంకెవరైనా ఉంటే నాకు చూపించండి, పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీస్తాను.

వదిన మాత్రం వినేసి, రానీ అంది. అంతే అంది.

బస విషయం చెబితే మీరు నమ్మరు. అడవి అంచున చిన్న చిన్న కుటీరాలున్నాయి, కీర్తి ఫోటోలు చూపించి బతిమాలింది. ఆయన వాటి రేటు చూసి, అద్దెకా అమ్మకానికా అని అడిగాడు. ఆ పక్క టౌనులో ఆయనకి తెలిసిన బ్రోకరొకడున్నాడు, జీడిపిక్కల గోడౌను ఉంది, పైన గది ఖాళీ. అడవి చూడ్డానికి పోయి జీడిపిక్కల బస్తాల మీద పడుకున్నవాళ్లం లోకంలో మేమొక్కళ్లమే. పలాసలో ముక్కులో ఉన్న వాసన అక్కడా ముక్కులోనే ఉంది. తిండి ఇంటి నుంచే. పులిహోర, చపాతీలు, అవి పాడైతే అటుకులు. కిడ్నీలు పాడుచేసే మా ఉద్దానం నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి డబ్బా నీళ్లకి అలవాటుపడ్డవాళ్లం, ఆ డబ్బా కూడా ఇక్కడి నుంచే మోయించాడు. అక్కడ నీళ్లు దొరకవా అంటే, దొరుకుతాయి కానీ కొనాలి అన్నాడు.

పాసింజరు బండిలో బరంపురం దాకా కూర్చున్నాం. నాగేంద్రబాబు తెల్లబట్టలు వేసుకుని, కిటికీ పక్క సీటు ఆక్రమించి, పెట్టెలో ఉన్న వాళ్లందరికీ ఎలుగుబంటి గురించి ఉపన్యాసమిచ్చాడు. దాని కళ్లలోకి చూడాలట. అడుగు వెనక్కి వెయ్యకూడదట. మన గుండె చప్పుడు దానికి వినబడాలట. ఎవరో ఒక కుర్రాడు, మీరెన్నిటిని చూశారండీ అని అడిగితే, లెక్కపెట్టడం మానేశాను నాయనా అన్నాడు. ఆయన భార్య జానకి గారు, పాపం మాట్లాడే మనిషి కాదు, చపాతీలు అందరికీ పంచి ఆయన పక్కన ఒదిగి కూర్చుంది. మధ్యలో ఆయన వదిన వైపు తిరిగి, ధైర్యంగా ఉండమ్మా, కళ్లు తిరిగితే నేనున్నాను పట్టుకుంటాను, వచ్చేవారం రిజిస్ట్రారాఫీసులో మాట్లాడి ఉంచాను అన్నాడు. ఒకే మాటలో రెండూ అన్నాడు. వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ తలూపింది.

మర్నాడు తెల్లవారగానే అడవి గేటు దగ్గర ఉన్నాం. గైడు సన్నగా ఉన్న ఒడియా మనిషి. మా ఆయన సంచిలోంచి ఒక పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టబోయాడు. నేను తొంగి చూశాను. గుండు. తెల్లగా, ఒక్కటి కూడా విరగని గుండు. ఇరవయ్యేళ్లు నాకు దక్కనిది ఎలుగుబంటిని చూపించేవాడి కోసం మోసుకొచ్చాడు. గైడు వద్దని చేతులు జోడించాడు, తీసుకోకూడదన్నాడు. అప్పుడు మా ఆయన మొహంలో కనబడిన ఆనందం మా పెళ్లినాడు కూడా నేను చూడలేదు. పొట్లం గబగబా సంచిలోకి వెళ్లిపోయింది.

జీపెక్కేముందు గైడు కొన్ని షరతులు చెప్పాడు. అవి మా ఆయన మాకు తెలుగులో చెప్పాడు. నిలబడకూడదు. ఫోన్ మోగకూడదు. ముఖ్యంగా గొంతు బయటికి రాకూడదు, జంతువు కనబడితే ఊపిరి కూడా మెల్లగా తియ్యాలి. ఎవరైనా అరిస్తే జీపు అక్కడికక్కడే వెనక్కి తిప్పేస్తారు, డబ్బు తిరిగి ఇవ్వరు. ఆ చివరి మాట మా ఆయన మాకు రెండుసార్లు చెప్పాడు. నేను వదిన వైపు చూశాను. నోరు మూసుకుని ఎలుగుని చూడ్డం మా ఉద్దానం మనిషికి చచ్చిపోవడంతో సమానం. పైగా ఆవిడ వచ్చిందే నోరు తెరవడానికి. ఆవిడ గైడుకి తలూపింది, చీర కొంగు నడుముకి దోపుకుని ఎక్కింది.

ముందు వరసలో గైడు, డ్రైవరు. మధ్యలో మా ఆయన, కీర్తి, జానకి గారు. వెనక నేను, వదిన, వదినకి అవతలి వైపు నాగేంద్రబాబు. చలి. రెండు జింకలు కనబడ్డాయి, ఒక నెమలి కనబడింది. మా ఆయన ప్రతిదానికీ వేలు మడుస్తున్నాడు, డబ్బు ఎంతవరకు వసూలైందో చూసుకుంటున్నాడు కాబోలు. ఒక మలుపు తిరిగాక డ్రైవరు ఇంజను ఆపేశాడు. గైడు చెయ్యెత్తాడు.

దారి పక్కన రేగుపొద. పొద కదిలింది. పొదలోంచి నల్లగా, దుమ్ము పట్టిన జుట్టుతో, నేననుకున్న దానికన్నా పెద్దది బయటికొచ్చింది. దాని నాలుక శబ్దం మాకు వినబడుతోంది. పళ్లు తింటూ తింటూ తలెత్తి మమ్మల్ని వాసన చూసింది. చూసి, వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. ఛాతీ మీద తెల్లటి గీత.

నేను ఎలుగుని చూడ్డం మానేసి వదిన గొంతు చూశాను. ఏమీ లేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, శబ్దం లేదు. ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. అయిపోయింది అనుకున్నాను. తోట పోయింది, ఈ మనిషి బతికినన్నాళ్లూ తనే మొగుణ్ణి చంపుకున్నానని అనుకుంటూ బతుకుతుంది, ఇదంతా చూడ్డానికి ఈ దిక్కుమాలిన జీపుకి మేమే డబ్బు కట్టాం. నాకు ఏడుపొచ్చింది.

ఎలుగు నాలుగు కాళ్ల మీదికి దిగింది. మా వైపే రెండడుగులు వేసింది.

"హోయ్."

నా పక్కనే. కడుపులోంచి, అడ్డూ ఆపూ లేకుండా. వదిన లేచి నిలబడింది. "హోయ్, హోయ్, హోయ్" అని గుక్క తిప్పుకోకుండా, అడవి అదిరిపోయేలా కేకలు. అది విని, భగవంతుడి సాక్షిగా, నేను పలికాను. కావాలని కాదు. కేక విన్నాక మా నోరు మా చేతుల్లో ఉండదు. నా ముందు మా ఆయన లేచి, డబ్బు తిరిగివ్వరని రెండుసార్లు చెప్పిన మనిషి, చేతిలోని పులిహోర డబ్బా మూతతో జీపు కడ్డీని బాదుతూ "హోయ్" అన్నాడు. జన్మలో గట్టిగా మాట్లాడని జానకి గారు పలికారు. పలాస టౌనులో పెరిగి, తోటంటే దోమలని ఏడ్చే కీర్తి కూడా పలికింది. గైడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఎలుగు ఒక్క ఉదుటున వెనక్కి తిరిగి, బరువుగా ఊగుతూ, పొదల్లో పడి పారిపోయింది.

పలకంది ఒక్కరే. నాగేంద్రబాబు సీటు మీద లేడు. సీటుకీ సీటుకీ మధ్య కిందకి జారిపోయి, కండువా నెత్తిన కప్పుకుని, వదిన చీర కుచ్చిళ్లు పట్టి కిందకి లాగుతున్నాడు. లాగుతూ, అందరికీ వినబడేలా అన్నాడు.

"నోరు ముయ్యి, నీకు దండమెడతాను. ఆ రోజు కూడా ఇలాగే గుక్కతిప్పుకోకుండా అరిసినావు, అదింకా రెచ్చిపోనాది."

కేకలాగిపోయాయి. ముందు సీట్లోంచి జానకి గారు మెల్లగా వెనక్కి తిరిగి మొగుణ్ణి చూసింది.

"ఏ రోజు?" అంది.

ఆయన కండువా తీశాడు. ఏటీ లేదన్నాడు. భయంలో ఏదో అన్నానన్నాడు. లేచి సీట్లో కూర్చోబోయాడు, తెల్లబట్టల నిండా జీపులోని మట్టి. వదిన ఇంకా నిలబడే ఉంది. ఆవిడ కోపంగా చూడలేదు, దానికే నాకు భయమేసింది. ఎవరో పోగొట్టుకున్న వస్తువు తెచ్చి చేతిలో పెడితే చూసినట్టు ఆయన్ని చూసింది.

"గుక్కతిప్పుకోకుండానా, బావా?" అని అడిగింది.

ఆయన కండువాతో చొక్కా మీది మట్టి దులుపుకున్నాడు.

"అయితే అరిసినానన్నమాట" అని, కూర్చుని, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. మూడేళ్లలో ఆవిడ ఏడవడం అదే మొదలు. మొగుడి దినం నాడు కూడా ఏడ్చే హక్కు తనకి లేదనుకున్న మనిషి.

గైడు ఒడియాలో చాలా అన్నాడు. జీపు వెనక్కి తిప్పించాడు. దారంతా నేను ఆ మొగలి డొంక గురించే ఆలోచించాను. ఆ డొంకకి ఇవతల తమ్ముడూ మరదలూ, అవతల ఈయన. కేక మీద కేక వింటూ, ఇలాగే కండువా కప్పుకుని కూర్చుని ఉంటాడు. భయపడ్డాడంటే నేనూ ఒప్పుకుంటాను, ఎలుగంటే భయం ఎవరికి లేదు. కానీ ఆ భయాన్ని దాచుకోడానికి దాన్ని తీసుకెళ్లి ఆడదాని నెత్తిన పెట్టాడు, అది చాలక ఆ ఆడదాని తోట కూడా కావలసొచ్చింది. ఛీ. మనిషి జన్మెత్తినందుకు ఆ ఎలుగుకున్న సిగ్గు కూడా లేదు, అది కనీసం పారిపోయింది.

గేటు దగ్గర దిగగానే మా ఆయన ఆఫీసు వైపు పోతాడని, సగమైనా తిరిగివ్వమని బేరం పెడతాడని నేనూ కీర్తీ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. ఈయన అటు పోలేదు. లోపలి జేబులోంచి డబ్బు తీశాడు. నాగేంద్రబాబు ముందుగా ఇచ్చిన రెండు సీట్ల వాటా. అందులో సగం విడదీసి, ఆయన తెల్లచొక్కా జేబులో తనే కుక్కాడు.

"ఇవిగో నీ సీటు డబ్బులు. నువ్వు మాతో రాలేదు" అన్నాడు.

బావా అని పిలవలేదు. ఇరవయ్యేళ్లలో ఈ మనిషి చేతిలోంచి అడక్కుండా డబ్బు బయటికి రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. మిగతా సగం జానకి గారి వాటా, అది మాత్రం ఉంచుకున్నాడు, ఆవిడ పలికింది కదా అని. ఆయన్ని పూర్తిగా మెచ్చుకునే అదృష్టం నాకెప్పుడూ లేదు.

నాగేంద్రబాబు ఏదో బస్సు పట్టుకుని ఒంటరిగా పోయాడు. జానకి గారు మాతోనే గోడౌనుకి వచ్చి, మాతోనే పాసింజరెక్కింది. ఊళ్లో దిగాక ఆవిడ ఏమీ దాచలేదు. అడిగినవాళ్లకీ చెప్పింది, అడగనివాళ్లకీ చెప్పింది. సంతకం మాట ఆ తర్వాత ఎవరి నోటా రాలేదు.

పిక్కలు రాలడం మొదలయ్యాక వదిన తోటకి వెళ్లింది. మొదటి రోజు నేనూ వెళ్లాను, సాయానికి అని చెప్పాను కానీ నిజానికి చూడ్డానికే. దడి దగ్గర నిలబడి కేక వేసింది. నాలుగు వైపుల నుంచీ పలికారు. ఎక్కడో కొబ్బరితోటల్లో ఉన్నవాళ్లు కూడా పలికారు, ఎవరు కేకేశారో తెలిసి ఇంకోసారి పలికారు. వదిన లోపలికి నడిచి, పనసచెట్ల దగ్గర కాసేపు ఆగి, తట్ట కింద పెట్టి ఏరడం మొదలెట్టింది. నేను కళ్లు తుడుచుకుని ఆవిడ వెనకే వంగాను.

ఇంకాసేపటికి మొగలి డొంక అవతల నుంచి ఒక కేక వినబడింది. నాగేంద్రబాబు. కూలీలెవరూ ఆయన తోటకి రావడం లేదట, ఒక్కడే వచ్చాడు. "హోయ్" అన్నాడు. ఒక్క తోటలోంచీ పలుకు లేదు. మళ్లీ అన్నాడు. చుట్టూ ఇందాక పలికినవాళ్లందరూ ఉన్నారు, పిక్కలు తట్టల్లో పడుతున్న చప్పుడు వినబడుతోంది, ఒక్క నోరు లేవలేదు. మా వైపు ఎన్నడూ జరగనిది జరుగుతోంది. తప్పని నాకు తెలుసు. అయినా మనసారా సంతోషించాను. మూడోసారి ఆయన గొంతు సన్నబడింది.

"హోయ్" అని పలికింది వదిన.

నాకు ఒళ్లు మండింది. ఆ మనిషికా పలికేది, నీకేమైనా పిచ్చా అని గట్టిగానే తిట్టాను. ఊరంతా ఊరుకుంటే నీకెందుకొచ్చిన జాలి అన్నాను. వదిన తలెత్తలేదు. పండు నుంచి పిక్క మెలితిప్పి తీసి తట్టలో వేసింది, ఇంకో పండు అందుకుంది.

"జాలేటి? ఈ తోటలోంచి పలికితే ఆ తోటలోకి ఎంత సక్కగా ఇనబడతాదో, ఆయనకి రోజూ తెలవాల గదా."